యూనిక్స్ కుటుంబపు సర్వర్ల ఎంపిక: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడ్డాయి. కలెక్టరేట్లు వచ్చాయి, శాఖా కార్యాలయాలు వచ్చాయి. ఈ జిల్లాల అధికారిక వెబ్‌సైట్లను నిర్మించి నిలిపి ఉంచే బాధ్యత మాత్రం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వద్దనే ఉంది. సర్వర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్న ప్రశ్న జిల్లా కేంద్రం దాకా రాదు. ఇది కొత్త పరిణామం కాదు. ఈ ప్రాంతంలో కంప్యూటర్ చరిత్ర మొదటినుండీ ఇతరులు చేసిన ఎంపికల చరిత్రే.

మొదటి ఉదాహరణ బ్యాంకులది. సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో బ్యాంకు శాఖలకు లెడ్జర్ యంత్రాలను, ప్రాంతీయ కార్యాలయాలకు మినీ కంప్యూటర్లను సూచించింది. ఆ దశకంలోనే బ్యాంకుల యంత్రాలకు యూనిక్స్ ప్రమాణంగా స్థిరపడింది. యూనిక్స్ ఏ ఒక్క తయారీదారుకూ కట్టుబడినది కాకపోవడం దీనికి బలమైన అనుకూలత. యంత్రం ఎవరిదైనా ఆదేశాలు దాదాపు ఒకటే. ఒకచోట నేర్చిన పని మరొకచోట పనికి వస్తుంది. పాలమూరు పల్లెల్లో ఖాతాలు నిర్వహించిన సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో విలీనమైంది. 2025 జనవరి 1న ఆ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందికి వచ్చాయి. ఒకే కౌంటరుకు మూడు బోర్డులు మారాయి. వెనుక నడిచే యంత్రాల సంగతి ఏ బోర్డు మార్పులోనూ శాఖను అడిగి తేల్చినది కాదు.

యూనిక్స్ అన్నది ఒక వస్తువు కాదు, వంశం. ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ ఒక శాఖ, బర్క్‌లీ విశ్వవిద్యాలయపు బీఎస్‌డీ మరొకటి. 1992లో మొదలై 1994లో రాజీ కుదిరిన వ్యాజ్యం బీఎస్‌డీ భవితవ్యాన్ని సందిగ్ధంలో ఉంచింది. ఆ వ్యవధిలోనే 1991లో పుట్టిన లినక్స్ ముందుకు సాగిపోయింది. సాంకేతిక గుణాల తూకం మాత్రమే లినక్స్‌ను గెలిపించిందనే సాధారణ వాదం అందుచేత పూర్తిగా నిలవదు. ఫ్రీబీఎస్‌డీ నేటికీ పటిష్ఠమైన వ్యవస్థే.

స్వేచ్ఛా లైసెన్సు వలన చిన్న ఊరి సంస్థకు కూడా, సిద్ధాంతరీత్యా, ఎంపిక హక్కు దక్కింది. ఆ హక్కు ఎంత పెళుసైనదో సెంటోస్ ఉదంతం చూపింది. రెడ్‌హ్యాట్ వారి చెల్లింపు వ్యవస్థకు ఉచిత ప్రతిరూపంగా 2004 నుండి వెలువడిన సెంటోస్‌పై అసంఖ్యాక సంస్థలు ఆధారపడ్డాయి. 8వ విడుదలకు 2029 వరకు మద్దతు ఉంటుందని భావించినవారికి, 2021 చివరితోనే అది ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. 7వ విడుదల గడువు 2024 జూన్ 30న తీరింది. ఆల్మా, రాకీ లినక్స్‌లు ఈ ఖాళీని పూరించడానికే పుట్టాయి.

కళాశాల గ్రంథాలయం విషయంలో ఈ చర్చ మరింత నేలమీదికి దిగుతుంది. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను పెట్టాలనుకునే వనపర్తి లేదా గద్వాల కళాశాల ముందు ఫ్రీబీఎస్‌డీ, రాకీ, డెబియన్, ఉబుంటు అన్నీ ఉన్నట్లే కనిపిస్తాయి. కోహా బృందం సిద్ధపరిచి ఇచ్చే ప్యాకేజీలు మాత్రం డెబియన్, ఉబుంటులకే. మిగిలినవాటిపై నడపాలంటే నిపుణుడు దగ్గర ఉండాలి. అంటే ఇక్కడ అనువర్తనమే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్ణయిస్తుంది. ఫ్రీబీఎస్‌డీ ఫైళ్ల భద్రత ఎంత మెచ్చదగినదైనా అది రెండవ మాట.

డెబియన్‌లో ఒక్కో విడుదలకు దాదాపు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు లభిస్తాయి. కనుక అయిదేళ్లకు ఒకసారైనా ఎవరో కూర్చుని, ప్రతులు తీసి, కొత్త విడుదలకు మార్చవలసి ఉంటుంది. ఆ పని గ్రంథపాలకునిదా, కంప్యూటర్ సైన్స్ అధ్యాపకునిదా అన్నది యంత్రం కొనే రోజునే తేలవలసిన విషయం.