ఇన్‌స్పిరేషనల్ రొమాన్స్: ప్రేమకథలో మూడో పాత్ర దేవుడు

అమెరికాలోని మినియాపోలిస్ నగరానికి చెందిన బెథనీ హౌస్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థ 1979లో ఒక చిన్న నవల వేసింది. పేరు ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’. రచయిత్రి జానెట్ ఓకే కెనడాలోని ఆల్బర్టా మైదాన ప్రాంతంలో పుట్టారు. ఆమెకు అది మొదటి నవల.

కథ పెద్దదేం కాదు. భర్తతో కలిసి బండి కట్టుకుని పడమటి దిక్కుకు వలస వచ్చిన మార్టీ అక్కడే భర్తను పోగొట్టుకుంటుంది. చలికాలం ముంచుకొస్తోంది, తలదాచుకునే చోటు లేదు. భర్తను పూడ్చిపెట్టిన రోజే క్లార్క్ అనే రైతు వస్తాడు. అతనికి భార్య పోయింది, చిన్న కూతురుంది. పిల్లకు తల్లి కావాలి, నీకు ఇల్లు కావాలి, పెళ్లి చేసుకుందాం అంటాడు. వసంతంలో బండ్లు తూర్పుకు వెళ్లేటప్పుడు వెళ్లిపోవాలనిపిస్తే దారి ఖర్చులు తానే ఇస్తానని మాటిస్తాడు. ఆ తర్వాత కథంతా వంట, కోళ్లు, మంచు, ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసిరావడం. క్లార్క్ రోజూ భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటాడు, ఆమెను చేయమని మాత్రం బలవంతపెట్టడు.

ఈ పుస్తకం పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. 2003లో హాల్‌మార్క్ చానల్ టీవీ సినిమాగా తీసింది. ‘ఇన్‌స్పిరేషనల్ రొమాన్స్’ అని ఇప్పుడు పిలుస్తున్న నవలలకు దీన్నే ఆరంభంగా చెప్పడం పరిపాటి. నిజానికి అంతకు చాలాముందే గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865-1947) ఇలాంటివి వందకు పైగా రాశారు. కేథరిన్ మార్షల్ ‘క్రిస్టీ’ 1967లో వచ్చింది. క్రైస్తవ కాల్పనిక సాహిత్యానికి ఇచ్చే క్రిస్టీ అవార్డుల పేరు ఆ నవలదే. ఓకే పుస్తకం నిరూపించిందల్లా దీనికి పెద్ద మార్కెట్ ఉందని. టొరాంటోకు చెందిన రొమాన్స్ దిగ్గజం హార్లెక్విన్ కూడా 1997లో ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ పేరుతో ఈ రంగంలోకి దిగింది.

‘శుభ్రత’ ఒక్కటే కారణమా?

ఈ నవలల నియమాలు అందరికీ తెలిసినవే. బూతు ఉండదు, పెళ్లికి ముందు శృంగారం ఉండదు. పెళ్లయ్యాక కూడా కథ పడకగది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అందుకే వీటి ఆకర్షణంతా ‘శుభ్రత’లోనే ఉందని బయటివాళ్లు తేల్చేస్తుంటారు. శుభ్రమైన ప్రేమకథలు మతం ఊసు లేకుండానూ దొరుకుతాయి కాబట్టి ఈ వివరణ సగమే నిజం.

అసలు తేడా కథ నడిచే తీరులో ఉంది. మామూలు రొమాన్స్‌లో ఇద్దరుంటారు. ఇక్కడ ముగ్గురు: ఆమె, అతను, దేవుడు. అవిశ్వాసులతో జోడుకట్టవద్దని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పిన మాటే చాలా నవలల్లో ముడి వేస్తుంది. ప్రేమకు అడ్డు ఆస్తి కాదు, అంతస్తు కాదు, విశ్వాసం. అతను ఎంత మంచివాడైనా, ఎంత ప్రేమించినా దేవుడితో అతని లెక్క తేలేదాకా ఆమె ఒప్పుకోదు. అంటే ‘వద్దు’ అనడానికి కథానాయికకు ఒక బలమైన ఆధారం దొరికింది. భర్త మాటే ఇంటికి శిరోధార్యమని బోధించే చర్చిల్లో పెరిగిన పాఠకురాలికి ఇది చిన్న విషయం కాదు. భర్తకు పైన ఇంకొకరున్నారు, అతను వారికి జవాబు చెప్పుకోవాలి అన్న భరోసా అందులో ఉంది.

మతాల చరిత్ర అధ్యయనం చేసే లిన్ నీల్ ఈ పాఠకుల్ని కలిసి మాట్లాడి 2006లో ‘రొమాన్సింగ్ గాడ్’ అనే పుస్తకం రాశారు. వాళ్లు వీటిని కాలక్షేపంగా మాత్రమే చూడటం లేదని, తమ భక్తి జీవితంలో భాగంగా చదువుతున్నారని ఆమె గమనించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1984లో, జానిస్ రాడ్‌వే మామూలు రొమాన్స్ పాఠకుల మీద చేసిన అధ్యయనంలో పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ఇంటి చాకిరీ నుంచి తమకు దొరికే విరామం గురించి గృహిణులు చెప్పారు. క్రైస్తవ నవల ఆ విరామాన్ని ఇస్తూనే, దాని తాలూకు అపరాధభావాన్ని తీసేస్తుంది. ప్రేమ నవలలు చదివే ఆడవాళ్లను చిన్నచూపు చూడటం తెలుగువాళ్లకూ కొత్త కాదు కాబట్టి ఈ సంగతి మనకు సులువుగానే అర్థమవుతుంది.

ఇందులోనే ఒక ఉపశాఖ అమిష్ రొమాన్స్. కారు, కరెంటు వద్దనుకుని గుర్రపు బగ్గీల్లో తిరిగే అమిష్ సమాజం జనాభా అమెరికాలో కొద్ది లక్షలే. అయినా, అటక మీద దొరికిన పసిపాప గౌను చుట్టూ అల్లిన బెవర్లీ లూయిస్ నవల ‘ది షనింగ్’ (1997) తర్వాత వీటి వరద మొదలైంది. 2012 నాటికి దాదాపు నాలుగు రోజులకొక కొత్త అమిష్ నవల వచ్చేదని పరిశోధకురాలు వాలెరీ వీవర్-జర్చర్ లెక్కగట్టారు. కొనేవాళ్లలో అత్యధికులు అమిష్‌లు కారు, వేగంతో విసిగిన ఇవాంజెలికల్ మహిళలు.

హోషేయ కథ, కొత్త చిక్కులు

ఈ రంగంలో అందరూ మొదట చెప్పే పేరు ఫ్రాన్సిన్ రివర్స్ ‘రిడీమింగ్ లవ్’. మామూలు రొమాన్స్‌లు రాస్తున్న రివర్స్ 1986లో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చాక రాసిన నవల ఇది. 1991లో వెలువడింది, శృంగార సన్నివేశాలు తగ్గించి 1997లో క్రైస్తవ సంస్థ మళ్లీ వేసింది. 2022లో సినిమా అయింది. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు హోషేయ, గోమెరుల కథ తెలిసే ఉంటుంది. రివర్స్ దాన్ని 1850ల నాటి కాలిఫోర్నియా బంగారు వేట కాలానికి తెచ్చారు. చిన్నప్పుడే వ్యభిచారంలోకి అమ్ముడుపోయిన ఏంజెల్‌ను పెళ్లాడమని మైఖేల్ హోషేయ అనే రైతుకు దేవుడు చెబుతాడు. ఆమె పదేపదే పారిపోతుంది, అతను వెతికి తెస్తాడు. ఎంత పాపం చేసినా, ఎంత గాయపడినా తనను వదులుకోనివాడు ఒకడున్నాడన్న మాట లక్షల మందిని కదిలించింది. దెబ్బలు తిని స్పృహ తప్పుతున్న స్థితిలో ఆమె ఇచ్చిన అంగీకారం ఎలా చెల్లుతుందని అడిగినవాళ్లూ ఉన్నారు. చివరిసారి వెళ్లిపోయినప్పుడు మాత్రం ఏంజెల్ తనంతట తానే తిరిగి వస్తుంది. నవలకు బలం అదే.

పాపి తన గాయాల నుంచి బయటపడే కథ ఒకటి, పాపి చేతిలో ఇతరులు బలైన కథ మరొకటి. ఈ రెండో చోటే చిక్కు వస్తుంది. 2014లో కేట్ బ్రెస్లిన్ ‘ఫర్ సచ్ ఎ టైమ్’లో ఎస్తేరు కథను నాజీల తెరేజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లారు. కథానాయిక యూదు యువతి, కథానాయకుడు ఆ శిబిరం కమాండెంట్. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా ఇచ్చే రీటా అవార్డులకు రెండు విభాగాల్లో నామినేట్ కావడంతో 2015లో తీవ్ర నిరసన వచ్చింది. ఊచకోతలో భాగమైన అధికారికి ప్రేమ, విమోచన రెండూ దక్కడమే కాదు, చివరికి ఆ యువతి సొంత మతానికే దూరమవడం చాలామందిని కలవరపెట్టింది.

ఐదేళ్లకు అదే సంఘం రీటాల స్థానంలో, తమ వ్యవస్థాపకుల్లో ఒకరైన నల్లజాతి సంపాదకురాలు వివియన్ స్టీఫెన్స్ పేరిట కొత్త అవార్డులు పెట్టింది. 2021లో మొదటిసారి ఇచ్చినప్పుడు మత, ఆధ్యాత్మిక రొమాన్స్ విభాగంలో కరెన్ విట్‌మేయర్ ‘ఎట్ లవ్స్ కమాండ్’ గెలిచింది. 1890 డిసెంబర్‌లో వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం వందలాది లకోటా ప్రజల్ని చంపింది, వారిలో స్త్రీలు, పిల్లలూ ఉన్నారు. నవల మొదలయ్యేది అక్కడే. కథానాయకుడు ఆ సైన్యంలో అధికారి. ఆ మారణకాండకు కుమిలిపోయి అతను దేవుణ్ని క్షమాపణ అడుగుతాడని, రచయిత్రి దాన్ని ఎక్కడా సమర్థించలేదని ప్రచురణకర్తలు వాదించారు. అడగాల్సింది లకోటాలను కదా అన్నది విమర్శకుల ప్రశ్న. కొద్ది రోజుల్లోనే సంఘం అవార్డును వెనక్కి తీసుకుంది. ఆ నవల వేసింది కూడా బెథనీ హౌసే.