షోజో కథలూ బొడ్డెమ్మ వాకిలీ: ఆడపిల్లల సోపతికి ఒక చరిత్ర

జపానులో ఆడపిల్లల కోసం తయారయ్యే బొమ్మల కథలను, వాటినుంచి వచ్చిన అనిమే చిత్రాలను 'షోజో' అనే మాటతో గుర్తిస్తారు. ఆ మాటకు అర్థం పడుచుపిల్ల అని కాదు, పసిపిల్ల అనీ కాదు. ఆ రెంటి నడుమ ఉన్న పిల్ల. మన దగ్గర ఈ చిత్రాల ప్రస్తావన వస్తే బడిపిల్లల ప్రేమకథలని ఒక్క ముక్కలో తేల్చివేయడం కద్దు. చరిత్ర చూస్తే ఇవి మొదట స్నేహ కథలు. ప్రేమ వాటిలోకి ఆలస్యంగా వచ్చి చేరింది. ఈ క్రమాన్ని గడ్చిరోలి సరిహద్దున నిలబడి పరిశీలిస్తే మన భాష గురించి కూడా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ వ్యాసంలో మేము చర్చించదలచినది అదే.

1899లో జపాను ప్రభుత్వం ప్రతి రాష్ట్రంలోనూ బాలికల ఉన్నత పాఠశాల ఉండాలని ఉత్తరువు చేసింది. బాల్యం నుంచి నేరుగా అత్తవారింటికి నడిచిన పిల్లకు దానితో మధ్యలో నాలుగైదేళ్ల వ్యవధి దొరికింది. అందరికీ కాదు, స్థితిపరుల ఇళ్లలోని పిల్లలకే. అయినా ఆ వ్యవధిలోనే షోజో అనే మనిషి పుట్టింది. 1902లో ఆమె కోసం 'షోజో కాయ్' అనే పత్రిక వచ్చింది. 1908లో మొదలైన 'షోజో నొ తొమొ' 1955 దాకా నడిచింది. ఆ పేరుకు అర్థమే 'ఆడపిల్లల నేస్తం'. సరిగ్గా ఆ 1902లోనే మన ఏలూరులో 'హిందూసుందరి' వెలువడడం గమనించదగ్గది. రెండూ స్త్రీలను ఉద్దేశించినవే. కానీ అక్కడి పాఠకురాలు బడిపిల్ల, ఇక్కడి పాఠకురాలు ఇల్లాలు. ఇది మన సంపాదకుల లోపం కాదు. బాలికల వివాహ వయస్సు పద్నాలుగుకు తక్కువ కాకూడదన్న శారదా చట్టమే 1929 నాటిది. నడిమి వయస్సే లేనిచోట దానికి పత్రిక ఎక్కడిది?

ఆ జపాను పత్రికలలో 1916 నుంచి యొషియా నొబుకొ (1896-1973) రాసిన 'హన మొనొగతరి', అంటే పూల కథలు, ఈ సాహిత్యానికి పునాది వేశాయి. ఒక్కొక్క కథకు ఒక్కొక్క పువ్వు పేరు. వసతిగృహంలో ఇద్దరు బాలికలు, తరచు ఒకరు పెద్ద, ఒకరు చిన్న. ఉత్తరాలు, కానుకలు, అలకలు, చివరకు ఎడబాటు. ఇంగ్లీషు 'సిస్టర్' మాట తొలి అక్షరాన్ని బట్టి ఇటువంటి స్నేహాన్ని 'ఎస్' అన్నారు. భాషాశాస్త్రం చదివిన మాకు మరొక సంగతి ఆసక్తికరం. విద్యార్థినులు వాక్యాల చివర 'తెయొ', 'దవ' అని చేర్చి మాట్లాడడం మొదలుపెడితే 1880ల నుంచి పెద్దమనుషులు అది మోటు మాట అని మండిపడ్డారు. కాలక్రమేణా అదే పత్రికలకెక్కి, నవలలకెక్కి, మర్యాదస్తురాలైన స్త్రీ భాషగా చలామణీ అయింది. నిందించిన వారి మనుమరాళ్లకు దానినే ఆదర్శంగా బోధించారంటే అతిశయోక్తి కాదు.

యుద్ధానంతర చరిత్ర చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాము. 1953లో తెజుక ఒసాము 'రిబన్ నొ కిషి' పత్రికలో మొదలై 1967లో అనిమే అయింది. 1949 ప్రాంతాన పుట్టిన హగియొ మొతొ, తకెమియ కెయికొ వంటి రచయిత్రులు 1970లలో ఈ రంగాన్ని పురుషుల చేతినుంచి తీసుకొన్నారు. 1976లో ప్రసారమైన 'కాండీ కాండీ' నూట పదిహేను భాగాలు నడిచింది. అందులో ప్రేమ వ్యవహారాలు పేరుపొందాయి గానీ, తొలి దెబ్బ ప్రియుడినుంచి తగిలినది కాదు. కాండీతో అనాథాశ్రమంలో కలిసి పెరిగిన ఆనీ ఒక సంపన్న కుటుంబానికి దత్తు వెళుతుంది. తన పుట్టుక బయటపడుతుందనే భయంతో ఇక ఉత్తరాలు వద్దని రాస్తుంది. యొషియా కాలపు ఉత్తరమే అరవై ఏళ్ల తరువాత మళ్లీ వచ్చింది. 1992లో మొదలైన 'సెయిలర్ మూన్'లో పద్నాలుగేళ్ల ఉసాగికి ప్రియుడున్నా, కథను మోసేది ఆమె చుట్టూ ఒక్కొక్కరే చేరే నేస్తాలు.

2009 నాటి 'కిమి ని తొదొకె' ఇందుకు మంచి ఉదాహరణ. దయ్యం సినిమాలోని పిల్ల పేరు పెట్టి తరగతి అంతా దూరముంచిన సవాకొ అనే బాలికకు అయానె, చిజురు అనే ఇద్దరు స్నేహితురాళ్లు దొరుకుతారు. వారిమీద ఎవరో పుకారు పుట్టించి, ఆ నింద సవాకొ మీద వేస్తారు. ఆ ముగ్గురూ ఆ నిందను దాటి ఒకరినొకరు నమ్మడమే తొలి భాగంలోని గట్టి ఘట్టం. ఇరవై ఐదు భాగాల మొదటి శ్రేణి ముగిసినా ప్రేమ మాట తేలదు. 2011లో వచ్చిన రెండవ శ్రేణి దాకా ఆగాలి. స్నేహం కుదిరిన గుర్తు ఏమిటి? ఇంటిపేరుకు 'సాన్' చేర్చి గౌరవంగా పిలిచే పిల్ల, అసలు పేరుకు 'చాన్' చేర్చి పిలవగలగడం. రెండక్షరాల మార్పు, నాటకమంతా అందులోనే ఉంది.

ఇక మన సరిహద్దుకు వద్దాం. వైనగంగ దగ్గరి చామోర్షి మరాఠీ సీమ. అక్కడినుంచి అహేరి మీదుగా దక్షిణానికి పోయేకొద్దీ తెలుగు చిక్కబడి, ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ వద్ద ఇంటిభాష అవుతుంది. 1860లో నిజాము నుంచి బ్రిటిషువారి చేతికి పోయిన సీమ ఇది; 1982లో చంద్రపూర్ నుంచి విడివడిన గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. గోదావరికి ఇవతల తెలంగాణలో పెళ్లికాని పిల్లలు భాద్రపద బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా బొడ్డెమ్మ ఆడతారు. పుట్టమన్నుతో అంతస్తులుగా గద్దె కట్టి, పూలు పెట్టి, సందెవేళ చుట్టూ తిరుగుతారు. అవతల విదర్భలో భాద్రపద పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా ఆడపిల్లలు భులాబాయి పాటలు పాడతారు. పాట అయ్యాక మూతపెట్టి తెచ్చిన ఫలహారమేమిటో ఒకరినొకరు పొడుపుకథలాగా అడుగుతారు. రెండు పండుగల రోజులూ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి.

ఈ వాకిళ్లే మన షోజో పత్రికలు అనుకోవచ్చునా? సగం వరకే. భులాబాయి పాటల్లో పుట్టింటికి పోవడానికి అత్తగారి అనుమతి అడిగే కోడలే తరచు కనిపిస్తుంది. మన బతుకమ్మ పాటల్లోనూ అత్తింటి బాధలు, అన్నదమ్ముల రాక దండిగా ఉన్నాయి. పాడేది పిల్లలైనా పాటలోని మనిషి పెళ్లయినది. చుట్టూ తిరిగే ఆ పిల్లల సోపతి పాటకెక్కడం తక్కువ. అచ్చులో కూడా 1947 నాటి 'చందమామ' పిల్లలది. 1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' ఉద్యోగం చేసే యువతిది. పదమూడు, పదిహేనేళ్ల పిల్ల ఈ రెంటి మధ్య సందులో ఉండిపోయింది. ఇవతలి పిల్లకు తెలుగు బడి అయినా ఉంది. సిరొంచ పిల్లకు చదువు ఎక్కువగా మరాఠీలో, వినోదం హిందీలో. తన వయసు మాటలు తెలుగులో అచ్చులోనో తెరమీదనో ఆమెకు దొరకకపోతే తెలుగు అమ్మమ్మతో మాట్లాడే భాషగా మిగులుతుంది.

ఇటీవల జపాను అనిమేలు తెలుగు మాటలతో కూడా వస్తున్నాయి. 'సోలో లెవెలింగ్' వంటి పోరాట కథలకు ఆ గౌరవం ముందు దక్కింది. 'చాన్'ను తెలుగు చేయడం కష్టమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోలేము. ఆడదాన్ని చనువుగా పిలవడానికి మనకు ప్రత్యేకమైన ప్రత్యయమే ఉంది: రావే, పోవే, ఏందే. మరాఠీలోనూ ఆడవారి మధ్య 'అగ', 'కాయ్ గ' అనడం ఉంది; హిందీలో దీనికి సాటి వచ్చేది సులభంగా దొరకదు. మీరు, నువ్వు అంటూ తడబడుతున్న సవాకొ మొదటిసారి "అయానే, ఇటు రావే" అనగానే సిరొంచ పిల్లకు వేరే వివరణ అక్కరలేదు.