జోసెఫ్ డెన్మన్

జోసెఫ్ డెన్మన్ (1810 - 1874) బ్రిటిషు నౌకాదళ అధికారి. 1840లో పశ్చిమ ఆఫ్రికా తీరాన గల్లినాస్ నదీముఖం వద్ద స్పానిష్ వర్తకుల బానిస కొట్టాలను తగులబెట్టించి, వాటిలో బంధింపబడిన 841 మందిని విడిపించినవాడుగా ప్రసిద్ధుడు. ఈ చర్యపై నడచిన బ్యూరన్ వర్సెస్ డెన్మన్ (1848) అనే వ్యాజ్యం 'యాక్ట్ ఆఫ్ స్టేట్' (రాజ్య చర్య) అనే న్యాయసూత్రానికి మూలమైన తీర్పులలో ఒకటి. భారతదేశంలో న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇతని పేరు ఈ వ్యాజ్యం ద్వారానే పరిచయమవుతుంది. బానిసల విమోచకుడిగా పేరుపొందిన ఇతడే 1864లో ఉత్తర అమెరికా పడమటి తీరాన అహౌసాట్ అనే ఆదివాసుల గ్రామాలను ధ్వంసం చేయించాడు.

కుటుంబం

ఇతని తండ్రి థామస్ డెన్మన్ ఇంగ్లండులో పేరుమోసిన న్యాయవాది. 1820లో కరోలిన్ రాణిపై పార్లమెంటులో జరిగిన విచారణలో ఆమె పక్షాన వాదించాడు. 1832 నుండి 1850 వరకు ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. బానిసత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించినవారిలో ఇతడొకడు. జోసెఫ్ 1823లో, పదమూడేళ్ళు నిండకముందే, నౌకాదళంలో చేరాడు. ఆ కాలంలో నౌకాదళ అధికారులు కాదలచినవారు ఆ వయసులోనే ఓడ ఎక్కడం మామూలు.

మరియా డ గ్లోరియా

1833 చివరలో బ్రెజిల్ తీరాన బ్రిటిషు యుద్ధనౌక 'స్నేక్' మరియా డ గ్లోరియా అనే బానిస ఓడను పట్టుకొంది. అందులో నాలుగు వందలకు పైగా ఆఫ్రికన్లు ఉన్నారు. అప్పుడు లెఫ్టినెంటుగా ఉన్న డెన్మన్‌కు ఆ ఓడ బాధ్యత అప్పగించారు. ముందుగా రియో డి జనీరోలోని ఉమ్మడి న్యాయస్థానం, ఓడ యజమాని పోర్చుగీసువాడు గనుక విచారించే అధికారం తనకు లేదన్నది. దానితో డెన్మన్ ఆ ఓడను, అందులోని మనుషులతో సహా, అట్లాంటిక్ సముద్రం దాటించి సియెర్రా లియోనుకు తీసుకొనిపోవలసి వచ్చింది. ఈ ప్రయాణానికి 46 రోజులు పట్టింది.

అక్కడ మరొక చిక్కు ఎదురైంది. 1817లో పోర్చుగల్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భూమధ్యరేఖకు ఉత్తరాన దొరికిన పోర్చుగీసు బానిస ఓడలను మాత్రమే పట్టుకోవచ్చు. ఈ ఓడ దొరికింది దక్షిణాన. కనుక దానిని యజమానికి తిరిగి ఇచ్చివేయాలని న్యాయస్థానం తీర్పు చెప్పింది. బ్రతికి ఉన్న బానిసలు మరల బ్రెజిల్ దారి పట్టారు. రెండుసార్లు సముద్రం దాటి, మూడవసారి దాటవలసిన గతి వారికి పట్టింది. మొత్తం నాలుగు నెలలు ఆ ఓడపై గడిపిన డెన్మన్, తాను చూసిన బాధలను తరువాత పార్లమెంటు విచారణ సంఘం ముందు వివరించాడు. సముద్రం మీద ఓడలను వెంటాడినంత మాత్రాన బానిస వ్యాపారం ఆగదనే అభిప్రాయం ఇతనికి స్థిరపడటానికి ఈ అనుభవం ముఖ్య కారణమని చెప్పవచ్చు.

గల్లినాస్ సంఘటన

గల్లినాస్ నేటి సియెర్రా లియోను దక్షిణ భాగంలో, లైబీరియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాంతం. నది సముద్రంలో కలిసేచోట లంకలు, చిత్తడి నేలలు, మడ అడవులు ఉంటాయి. పెద్ద ఓడలు లోపలికి రాలేవు. ఈ అనుకూలతను చూసుకొని పెడ్రో బ్లాంకో అనే స్పెయిన్ దేశస్థుడు, అతని తరువాత మరికొందరు వర్తకులు ఆ లంకలలో కొట్టాలు కట్టారు. వీటిని బరకూన్లు అనేవారు. లోతట్టు ప్రాంతాల నుండి తెచ్చిన మనుషులను ఓడ వచ్చేవరకు గొలుసులతో ఇందులో కట్టి ఉంచేవారు. ఓడ రాగానే కొద్ది గంటలలో వారిని ఎక్కించి పంపేవారు. వీరిలో ఎక్కువమంది క్యూబా చెరకు తోటలకు చేరేవారు.

బ్రిటిషు పహరా నౌకలు సాధారణంగా తీరానికి దూరంగా, నడిసముద్రంలో కాపు కాసేవి. విడిపించిన బానిసలకు తలకింత చొప్పున నావికులకు బహుమానం దక్కేది. అందుచేత ఓడ నిండేవరకు వేచి ఉంటారనే నింద కూడా ఉండేది. 'వాండరర్' అనే స్లూప్‌కు కమాండరుగా వచ్చిన డెన్మన్ ఈ పద్ధతిని మార్చాడు. 1840లో 'రోలా', 'సారసెన్' అనే నౌకలను కూడా కలుపుకొని, తీరానికి ఆనుకొని లంగరు వేయించి నదీముఖాన్ని దిగ్బంధించాడు. బానిసలను ఎక్కించుకొనే వీలు లేక వర్తకుల కొట్టాలు నిండిపోసాగాయి.

నదిలోకి చొరబడటానికి మాత్రం అధికారం లేదు. ఆ అవకాశం వేరే రూపంలో వచ్చింది. ఫ్రై నార్మన్ అనే నల్లజాతి స్త్రీ సియెర్రా లియోను నివాసి, బ్రిటిషు ప్రజ. ఆమె బట్టలు ఉతికి జీవించేది. ఆమెను, ఆమె బిడ్డను గల్లినాస్ రాజు సియాకా కుమారుడు మన్నా నిర్బంధించాడు. వేరొక స్త్రీ చెల్లించవలసిన బాకీకి వీరిని పూచీగా పట్టి ఉంచాడు. వీరిని విడిపించవలసిందిగా సియెర్రా లియోను గవర్నరు రిచర్డ్ డోహర్టీ అక్టోబరులో డెన్మన్‌కు వ్రాశాడు. ఆ లేఖలో కొట్టాల ప్రసక్తి లేదు.

నవంబరు 19న డెన్మన్ సాయుధులైన నావికులతో పడవలలో నది లోపలికి ప్రవేశించాడు. తల్లీబిడ్డలు విడుదలయ్యారు. డెన్మన్ అంతటితో ఆగలేదు. నవంబరు 21న సియాకాతో ఒక ఒప్పందం చేయించుకొన్నాడు. బానిస వర్తకులను తన రాజ్యం నుండి వెళ్ళగొట్టడానికి, కొట్టాలను నాశనం చేయడానికి, అందులోని బానిసలను అప్పగించడానికి రాజు అంగీకరించాడు. ఒప్పందానికి రాజును ఒప్పించినది లంగరు వేసి ఉన్న నౌకలేనని వేరుగా చెప్పనక్కరలేదు. ఎనిమిది కొట్టాలను, వర్తకుల సరుకులను తగులబెట్టారు. 841 మందిని సియెర్రా లియోనుకు తరలించారు.

లండనులో మంత్రులు ఈ వార్తకు సంతోషించారు. విదేశాంగ మంత్రి పామర్‌స్టన్, వలస వ్యవహారాల మంత్రి లార్డ్ జాన్ రసెల్ డెన్మన్ చర్యను ఆమోదించారు. 1841లో ఇతనికి కెప్టెన్ హోదా లభించింది. ఇతని మార్గంలోనే హెన్రీ మాట్సన్ మొదలైన అధికారులు తీరంలో ఇతర చోట్ల కొట్టాలను తగులబెట్టారు.

అబర్డీన్ లేఖ

ఈ ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. ప్రభుత్వం మారి, విదేశాంగ మంత్రిగా వచ్చిన అబర్డీన్ 1842 మే 20న నౌకాదళ శాఖకు ఒక లేఖ వ్రాశాడు. బ్రిటన్‌తో యుద్ధం లేని ప్రాంతాలలో, ముందుగా ఒప్పందం చేసుకోకుండా, నదులను దిగ్బంధించడం, గట్టున దిగి కట్టడాలను కాల్చడం, బానిసలను తీసుకొనిపోవడం చట్టసమ్మతం కాదని ప్రభుత్వ న్యాయ సలహాదారు భావిస్తున్నట్లు అందులో ఉంది. లేఖ సంగతి బయటకు పొక్కింది. ఇంగ్లండు మనసు మార్చుకొందని వర్తకులు ఆఫ్రికా రాజులను నమ్మించారు. కొట్టాలు మరల లేచాయి. 1849లో నౌకాదళం గల్లినాస్‌ను మరొకసారి కాల్చవలసి వచ్చింది.

నౌకాదళ అధికారులకు నిర్దిష్టమైన నియమావళి లేకపోవడమే ఈ గందరగోళానికి కారణమని గుర్తించి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. న్యాయకోవిదుడు స్టీఫెన్ లషింగ్టన్ మొదలైనవారితో పాటు డెన్మన్ కూడా ఇందులో సభ్యుడు. బానిస వ్యాపార నిరోధంలో పాల్గొనే అధికారులు పాటించవలసిన నియమాల గ్రంథం 1844లో వెలువడింది.

బ్యూరన్ వర్సెస్ డెన్మన్

గల్లినాస్ వర్తకులలో ఒకడైన బ్యూరన్ తనకు జరిగిన నష్టానికి పరిహారం కోరుతూ ఇంగ్లండులో డెన్మన్‌పై వ్యాజ్యం వేశాడు. తన సరుకుల విలువనే కాక, విడుదలైన బానిసల విలువను కూడా అడిగాడు. స్పెయిన్ ప్రజకు ఇంగ్లండు న్యాయస్థానంలో మనుషుల ఖరీదు రాబట్టుకొనే హక్కు ఉన్నదా అనేది కూడా ఈ వ్యాజ్యంలో వాదనకు వచ్చిన ప్రశ్న.

1848లో ఎక్స్‌చెకర్ కోర్టులో విచారణ జరిగింది. డెన్మన్‌కు ముందుగా ఆజ్ఞ లేదు. ఇది నిర్వివాదం. కాని తరువాత మంత్రులు ఆమోదించారు. చేసిన పనిని ప్రభుత్వం తరువాత ఆమోదిస్తే, ముందుగా ఆజ్ఞాపించిన దానితో సమానమని, అప్పుడది అధికారి సొంత చర్య గాక రాజ్యం చేసిన చర్య అవుతుందని, దానికి అధికారి వ్యక్తిగతంగా బాధ్యుడు కాడని న్యాయమూర్తులు జ్యూరీకి తెలిపారు. న్యాయమూర్తి పార్క్ మాత్రం ఈ విషయంలో తనకు కొంత సందేహం ఉన్నదని చెబుతూనే తోటివారి అభిప్రాయాన్ని అంగీకరించాడు. తీర్పు డెన్మన్‌కు అనుకూలంగా వచ్చింది.

పార్క్ సందేహం తేలికైనది కాదు. సొంత సేవకుడు ఇతరుని ఆస్తిని పాడుచేస్తే, యజమాని తరువాత ఆమోదించినా సేవకుని బాధ్యత పోదు. ఇద్దరూ బాధ్యులే. ఆ యజమాని ప్రభుత్వమైనప్పుడు మాత్రం నష్టపోయిన విదేశీయునికి న్యాయస్థానం తలుపు మూసుకొంటుంది.

తంజావూరు వ్యాజ్యం

బానిస వర్తకునిపై అక్కరకు వచ్చిన ఈ సూత్రం పదకొండేళ్ళకు దక్షిణ భారతదేశంలో మరొక విధంగా పనిచేసింది. 1855లో తంజావూరు మరాఠా రాజు శివాజీ మగ సంతానం లేకుండా మరణించాడు. ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని కలుపుకోవడమే కాక రాజు సొంత ఆస్తిని కూడా స్వాధీనం చేసుకొంది. పట్టపురాణి కామాక్షీబాయి మద్రాసు సుప్రీంకోర్టులో దావా వేసి గెలిచింది. కంపెనీ తరపున అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళింది.

1859లో ప్రీవీ కౌన్సిల్ మద్రాసు తీర్పును కొట్టివేసింది. స్వాధీనం రాజ్య చర్య గనుక అది న్యాయమా అన్యాయమా అని తేల్చే అధికారం న్యాయస్థానానికి లేదన్నది. స్వాధీనం చేసుకొన్న అధికారి తన అధికార పరిమితి దాటినా, ప్రభుత్వం ఆమోదించింది గనుక చెల్లుతుందని చెబుతూ బ్యూరన్ వర్సెస్ డెన్మన్‌ను ఉదహరించింది. 1862లో సొంత ఆస్తిని ప్రభుత్వం రాణులకు తిరిగి ఇచ్చింది గాని, అది హక్కుగా కాదు, అనుగ్రహంగా. తరువాతి కాలంలో 1882లో హరి భాన్జీ వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఈ సూత్రానికి హద్దు గీసింది. దేశంలోని చట్టం ప్రకారం చేశామని ప్రభుత్వం చెప్పుకొనే పనులకు రాజ్య చర్య అనే రక్షణ వర్తించదని తెలిపింది. భారతదేశంలో న్యాయశాస్త్ర పాఠాలలో ఈ మూడు తీర్పులను ఒకదాని వెంట ఒకటి చదువుతారు.

నౌకాదళ ఉపసంహరణ వివాదం

పశ్చిమ ఆఫ్రికా పహరా దళానికి అయ్యే ఖర్చు, జ్వరాలతో మరణించే నావికుల సంఖ్య చూపి, దానిని వెనుకకు పిలవాలని పార్లమెంటు సభ్యుడు విలియం హట్ వాదించాడు. 1850 మార్చిలో ఇతని తీర్మానం 154 - 232 ఓట్లతో వీగిపోయింది. డెన్మన్ హట్ సంఘానికి సమాధానంగా ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. దళం విఫలం కాలేదని, దానిని వాడవలసిన తీరులో వాడలేదని ఇతని వాదం. 1808 - 1860 మధ్య ఈ దళం సుమారు 1,600 ఓడలను పట్టుకొని, లక్షన్నర మందిని విడిపించినట్లు అంచనా. విడుదలైనవారు వెంటనే ఇష్టం వచ్చినట్లు జీవించారనుకోరాదు. చాలామందిని ఫ్రీటౌనులో శిక్షణ కూలీలుగా ఒప్పగించారు, సైన్యంలో చేర్చారు, వెస్టిండీస్ తోటలకు పంపారు.

పసిఫిక్ సముద్రంలో

1850ల దశకంలో డెన్మన్ విక్టోరియా రాణి విహార నౌకకు కెప్టెనుగా ఉన్నాడు. 1862లో రియర్ అడ్మిరల్ అయ్యాడు. 1864లో పసిఫిక్ నౌకాదళానికి అధిపతిగా నియమితుడై వాంకూవర్ దీవిలోని ఎస్క్విమాల్ట్ చేరాడు.

ఆ సంవత్సరం ఆ దీవి పడమటి తీరాన క్లేయొక్వాట్ సౌండ్‌లో 'కింగ్‌ఫిషర్' అనే వర్తక నౌక సిబ్బందిని అహౌసాట్ ప్రజలు చంపారు. మొదట వెళ్ళిన 'డెవస్టేషన్' నౌకపై కాల్పులు జరిగాయి. డెన్మన్ తన ప్రధాన నౌక 'సట్లెజ్'తో స్వయంగా వెళ్ళాడు. పంజాబు నది పేరు గల ఈ నౌక ఫిరంగులు అక్టోబరులో ఆ గ్రామాలపై పనిచేశాయి. నాయకుడు చాప్‌చాను, హంతకులను అప్పగించమని కోరగా వారు నిరాకరించారు. తొమ్మిది గ్రామాలు, 64 దోనెలు నాశనమయ్యాయి. కనీసం 15 మంది మరణించారు. దోనె లేనిదే చేపల వేట లేదు, వేట లేనిదే చలికాలం గడవదు. కనుక శిక్ష హంతకులకే పరిమితం కాలేదు. చాప్‌చా మాత్రం చిక్కలేదు. ఈ కారణంగా అహౌసాట్ ప్రజలు ఆ పోరాటాన్ని తమ ఓటమిగా భావించలేదు. అప్పటి వాంకూవర్ దీవి గవర్నరు ఆర్థర్ కెన్నెడీ కూడా లోగడ సియెర్రా లియోను గవర్నరుగా పనిచేసినవాడే. ఒకే పద్ధతి, ఒకే అధికారులు సముద్రాలు దాటడం ఆనాటి సామ్రాజ్యంలో సర్వసాధారణం.

1866 మార్చి 31న స్పానిష్ నౌకాదళం చిలీలోని వాల్పరైసో రేవుపై కాల్పులు జరిపినప్పుడు డెన్మన్ నౌకలతో అక్కడే ఉన్నాడు. ఊరికి రక్షణ ఫిరంగులు లేవు. కాలినవి చాలావరకు విదేశీ వర్తకుల సరుకులు. అమెరికన్ కమొడోర్ జాన్ రాడ్జర్స్ కలసి అడ్డుకొందామన్నా, బ్రిటిషు రాయబారి సలహా మేరకు డెన్మన్ జోక్యం చేసుకోలేదు. అక్కడి బ్రిటిషు వర్తకులు దీనికి మిక్కిలి ఆగ్రహించారు.

అదే సంవత్సరం వైస్ అడ్మిరల్ హోదా పొంది పసిఫిక్ బాధ్యతల నుండి వైదొలిగాడు. 1874లో మరణించాడు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ దీవి తూర్పు తీరాన, హార్న్‌బీ దీవికి పక్కన ఉన్న డెన్మన్ దీవికి ఇతని పేరే పెట్టారు.