పాటలపెట్టె - తోడిపెళ్ళికూతురు

పూర్వం ఆడపిల్లని అత్తవారింటికి పంపేటప్పుడు వెంట తోడిపెళ్ళికూతుర్ని పంపడం ఆనవాయితీ. కొత్తచోట పిల్లకి మాటసాయంగా ఉండడం ఆవిడ పని. అందరూ అలాగే ఉండేవారు కూడాను. అయితే ఏ వెయ్యింటికో ఒకావిడ తగిలేది. కాఫీ ముందు తనకి రావాలి, మంచం తనకి వెయ్యాలి, పెళ్ళికూతురు ఎవరితో మాట్లాడాలన్నా తననడగాలి. మూడోనాటికల్లా ఆ ఇంట్లో కొత్తకోడలెవరో, తోడొచ్చిందెవరో తెలియకుండా పోయేది.

జేబులో పట్టే పాటలపెట్టెల చరిత్ర చదువుతుంటే నాకు ఆవిడే జ్ఞాపకం వస్తుంది. పెట్టె మనం ముచ్చటపడి కొనుక్కుంటాం. దాని వెనకాలే కంప్యూటర్‌లో పెట్టుకోవలసిన సాఫ్ట్‌వేర్ ఒకటి దిగుతుంది. పాట లోపలికి వెళ్ళాలంటే ఆవిడ అనుమతి కావాలి. బయటికి రావాలంటే అసలు వీల్లేదు. పాట పేరు మనం ఒకటనుకుంటే ఆవిడ ఇంకొకటంటుంది. ఇంతకీ ఈవిడ ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరి తరఫున వచ్చింది? అది తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. మిగతా సగం పెరుగుతుందనుకోండి, అది వేరే సంగతి.

మొదట్లో ఇలాంటి తోడేమీ లేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి, గౌహర్‌జాన్ అనే గాయని చేత పాడించి రికార్డులు పట్టాడు. మన దేశంలో తొలి రికార్డులలోవి అవి. అప్పటికి ఇక్కడ రికార్డులు అచ్చువేసే ఫాక్టరీ లేదు. పట్టిన పాటని జర్మనీలో హానోవర్ దాకా పంపాలి. అక్కడి పనివాళ్ళకి మన భాష రాదు, ఏ పాట ఎవరిదో తెలియదు. అందుకని ఆవిడ పాట ముగించగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేసేది. అది విని వాళ్ళు చీటీ అంటించేవారు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ రికార్డు వింటే పాడిందెవరని ఇంకొకర్ని అడగక్కర్లేదు. ఈ సంగతి కాస్త కొంగున ముడేసుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

1931లో హెచ్.ఎం.వి. వారు 102 నంబరు గ్రామఫోను తెచ్చారు. మూతవేసి సూట్‌కేసులా చేత పట్టుకుపోయే రకం. కీ ఇస్తే ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. దానికీ ఓ తోడుండేది: సూదుల డబ్బీ. ఉక్కు సూది పాట పాటకీ మార్చాలి, లేకపోతే రికార్డు గీరుకుపోతుంది. విసుగే మరి. అయినా ఆ సూది ఏనాడూ, ఈ రికార్డు నీదేనా, పక్కింటివాళ్ళదా అని అడిగేది కాదు.

తరవాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక మా గోదావరి జిల్లాల వాళ్ళకి అదే పెద్ద పాటలపెట్టె. మనక్కావలసిన పాట మనక్కావలసినప్పుడు రాదు, నిజమే. కాని వచ్చిన ప్రతి పాటకీ ముందు ఒక గొంతు చిత్రం పేరు, రాసినవారు, సంగీతం కూర్చినవారు, పాడినవారు అని వరసగా చెప్పేది. వంటింట్లో పోపు వేస్తూ వినే ఆడవాళ్ళకి కూడా ఏ పాట ఎవరిదో నోటికొచ్చేది. ఇక సినిమా హాళ్ళ దగ్గర అమ్మే పాటల పుస్తకాలుండనే ఉన్నాయి. మా పెంటపాడు నించి తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కడే స్థిరపడ్డ రేలంగి గారి హాల్లో సినిమా చూసి వచ్చిన వాళ్ళు చేతిలో పాటల పుస్తకం లేకుండా ఇల్లు చేరేవారు కాదు. కథాసంగ్రహం, తారాగణం, పాట, పాడినవారు, అన్నీ అందులోనే. అసలైన తోడంటే అదీ! అడిగినప్పుడు చెబుతుంది, అడగనప్పుడు ట్రంకుపెట్టెలో పడుంటుంది.

1963లో ఫిలిప్స్ వారు కాసెట్ తెచ్చారు. 1979 జూలై 1న జపానులో సోనీ వారి వాక్‌మన్ అమ్మకానికి వచ్చింది. ఈ వాక్‌మన్‌కి ఓ ముచ్చటుంది. కంపెనీ పెద్ద అకియో మొరీటా గారు దాన్ని ఇంటికి తెచ్చుకుని చెవుల్లో పెట్టుకు కూచుంటే, ఇల్లాలికి తనని వెలివేసినట్టనిపించిందట. ఆయనకి సంగతి అర్థమైంది. ఒక్కరూ వినడం మర్యాద కాదని, మొదటి వాక్‌మన్‌కి ఇద్దరు వినేందుకు రెండు రంధ్రాలు పెట్టించారు. వింటూనే మాట్లాడుకునేందుకు ఓ మీట కూడా. ఒక ఇల్లాలి చిన్నబుచ్చుకోవడం ఒక యంత్రం రూపాన్నే మార్చింది చూశారా! పాపం, తీరా చూస్తే జనం ఒంటరిగా వినడానికే ఇష్టపడ్డారు. రెండో రంధ్రం తరవాత పోయింది.

కాసెట్‌కి తోడు ఏమిటంటారా? పెన్సిలు. టేపు లూజయితే అందులో దూర్చి తిప్పుకోవడానికి. రెండో తోడు, పెట్టెలో మడిచి పెట్టే అట్టముక్క. దాని మీద మనమే గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసుకునేవాళ్ళం. ముప్ఫై అక్షరాలే రాయాలని ఎవరూ కట్టడి చెయ్యలేదు.

అసలు పేచీ 1998లో వచ్చింది. అంతకుముందే జర్మనీ శాస్త్రజ్ఞులు చెవికి ఆనని ధ్వనుల్ని ఏరేసి, పాటని ఇంచుమించు పదోవంతుకి కుదించే విద్య కనిపెట్టారు. అదే ఎం.పి.3. దాన్ని వినిపించే రియో అనే చిన్న పెట్టె అమెరికాలో వచ్చింది. అరగంట పాటలు పట్టేవి, అంతే. ఆ మాత్రానికే రికార్డు కంపెనీలు హడలిపోయి ఆ అక్టోబరులో కోర్టుకెక్కాయి. మరుసటి ఏడు జూన్‌లో అప్పీలు కోర్టు పెట్టెవైపే తీర్పు చెప్పింది. మీరు కొనుక్కున్న పాటని ఒకచోట నించి ఇంకోచోటికి మార్చుకుని వినడం తప్పు కాదంది. అయితే తీర్పులో న్యాయమూర్తులు మరో మాట కూడా గమనించారు: ఈ పెట్టెలోకి వెళ్ళిన పాట తిరిగి కంప్యూటర్‌లోకి రాదు. అభిమన్యుడి పద్మవ్యూహంలాగా లోపలికే దారి అన్నమాట.

పెట్టెలు చేసేవాళ్ళకి ఈ ఒకవైపు దారి రక్షణ కవచమైంది. అక్కణ్ణించి సాఫ్ట్‌వేర్ అనే తోడిపెళ్ళికూతురు మనవైపు మనిషి కాకుండా రికార్డు కంపెనీల వైపు కాపలామనిషి అయింది. 1999లో సోనీ వారి పెట్టెతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఒక పాటని మూడుసార్లే బయటికి ఇచ్చేది. నాలుగోసారి కావాలంటే ఇదివరకు ఇచ్చినదాన్ని తెచ్చి అప్పగించాలి. గ్రంథాలయం పుస్తకంలాగా! సోనీ వారికి పెట్టెలమ్మే వ్యాపారమూ ఉంది, పాటలమ్మే వ్యాపారమూ ఉంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో పట్టి లాగినట్టయింది.

2001 అక్టోబరులో ఆపిల్ వారి ఐపాడ్ వచ్చింది. జేబులో వెయ్యి పాటలు. దానికి తోడు ఐట్యూన్స్. ఈవిడ కాస్త చదువుకున్నావిడ, చూపులకి చక్కగా ఉంటుంది. అయినా నియమం నియమమే. ఒక కంప్యూటర్‌తో పొత్తు కుదిరిన ఐపాడ్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే, లోపలున్నవన్నీ చెరిపి కొత్తవి పెట్టమంటావా అని అడిగేది. పెట్టె మీది కాగితంలోనే పాటలు దొంగిలించవద్దని హితబోధ. సరే, దొంగిలించం, కొనుక్కుంటామంటే, వారి పాటల దుకాణం మన దేశంలో 2012 డిసెంబరులో గాని తెరవలేదు. కొన్న పాటలకి వేసిన తాళం 2009లో తీసేశారు. అంటే తాళం తీశాక మూడేళ్ళకి మనకి తలుపు తెరిచారు.

తాళాల గొడవ అలా ఉంచండి. అంతకన్నా నన్ను బాధపెట్టేది పేర్ల గొడవ. మామూలు పాటల సి.డి.లో పాటల పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఆ లోటు తీర్చడానికి 1993లో కొందరు ఔత్సాహికులు ఓ పెద్ద జాబితా మొదలెట్టారు. సి.డి. ఉన్నవాళ్ళు పేర్లు టైపు చేసి పంపితే మిగతావాళ్ళకి కనిపిస్తాయి. ఎవరికి తోచిన ఇంగ్లీషు స్పెల్లింగు వారిది. అందువల్ల మన సుశీల గారు పాటలపెట్టెలో ముగ్గురు నలుగురు సుశీలలయ్యారు. ఒక సుశీల దగ్గర పది పాటలు, ఇంకో సుశీల దగ్గర మూడు. ఘంటసాల గారు పాడినవారా, సంగీతం కూర్చినవారా అన్నది సాఫ్ట్‌వేర్‌కి తేలదు. మనం పాటని సినిమా పేరుతో గుర్తుపెట్టుకుంటాం. అది గాయకుడి పేరుతో వెతుకుతుంది.

1996లో ఎం.పి.3 పాటకి పేరుచీటీ తగిలించే పద్ధతి వచ్చింది. దాని వెడల్పు 128 బైట్లు. పాట పేరుకి ముప్ఫై అక్షరాలు, పాడినవారికి ముప్ఫై, ఆల్బమ్‌కి ముప్ఫై. మన పల్లవులు ఇంగ్లీషు అక్షరాల్లోకి దించితే ముప్ఫైలో ఎక్కడ ఇమిడి చస్తాయి? సగంలో తెగిపోయేవి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా ఈ చీటీలో దొరకలేదు. ఇక పాట ఏ రకమో చెప్పడానికి 80 రకాల పట్టిక ఇచ్చారు. అందులో పోల్కా నృత్యానికి చోటుంది, క్రైస్తవ రాప్‌కి చోటుంది. హరికథ లేదు, బుర్రకథ లేదు, నాటక పద్యం లేదు, మంగళహారతి లేదు. మనవన్నీ ఇతరములు. తరవాత్తరవాత చీటీ పెద్దదయింది, తెలుగూ పట్టింది. కాని అప్పటికే ఎక్కించిన పాటలు అలాగే ఉండిపోయాయి.

ఇందులో బాధపడడానికి ఏముంది, సినిమా పాటేదో ఎవరినడిగినా చెబుతారు కదా అంటారేమో. సినిమా పాట సంగతి కాదు నేను చెప్పేది. మా పెద్దమ్మ శ్రావణ శుక్రవారాల్లో పాడే హారతులు, పెళ్ళిళ్ళలో పాడే అప్పగింతల పాటలు వెనకటికి మా బాబాయి కాసెట్‌లో పట్టాడు. కాసెట్‌కి బూజు పడుతోందని మా మేనల్లుడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అప్పట్లో కొన్న ఓ పెట్టెలో పెట్టాడు. ఏ కంపెనీదైతేనేం లెండి. తెరమీద చూస్తే ట్రాక్ 1, ట్రాక్ 2, ట్రాక్ 3. పాడినవారు: తెలియని కళాకారుడు! ఊళ్ళో ఏ పేరంటానికైనా పిలిచి పీటవేసి పాడించుకున్న మనిషి, పెట్టెలోకి వెళ్ళేసరికి తెలియనివాడైంది.

కొన్నేళ్ళకి ఆ కంప్యూటర్ పాడైంది. కొత్తదానిలో ఆ పెట్టె తాలూకు సాఫ్ట్‌వేర్ పనిచెయ్యదు. పాటలు లోపల మోగుతున్నాయి, బయటికి రావు. చివరికి గూడెంలో ఓ కుర్రాడు, చెవిలో పెట్టుకునే తీగ తగిలించే రంధ్రం నించి ఇంకో తీగ లాగి, పాట మోగుతుండగా మళ్ళీ పట్టి ఇచ్చాడు. ఎన్ని తాళాలు వేసినా చెవిదాకా రాక తప్పని ధ్వనికి తాళం వెయ్యలేరు కదా. అలా పాటలు దక్కాయి. పేర్లు మాత్రం దక్కలేదు. అప్పగింతల పాటలో పెద్దమ్మతో కలిసి ఇంకొక గొంతుంది. సన్నగా, ఒక్కో చరణం చివర అందుకుంటుంది. ఆవిడ తోడికోడలో, పొరుగావిడో, కొల్లేటి వైపు నించి వచ్చిన చుట్టమో, చెప్పగల వాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు. కాసెట్ పెట్టెలోని అట్టముక్క మీద రాసే ఉంటారు. పాట పెట్టెలోకి ఎక్కిందిగా అని అట్టముక్కని ఎవరూ దాచలేదు.

ఇప్పుడా పెట్టెల కాలమే పోయింది. 2019లో ఆపిల్ వారు తమ మాక్ కంప్యూటర్లలో ఐట్యూన్స్‌ని ముక్కలు చేసి వేరే పేర్లు పెట్టారు. 2022 మేలో ఐపాడ్ తయారీయే మానుకున్నారు. హెచ్.ఎం.వి. వారి వారసులైన సరిగమ కంపెనీ 2017లో అయిదు వేల పాత హిందీ పాటలు ముందే నింపి, కంప్యూటర్ అక్కర్లేని కారవాన్ పెట్టె అమ్మితే పెద్దవాళ్ళు ఎగబడి కొన్నారు. మీట నొక్కితే పాట. వందేళ్ళు తిరిగి మళ్ళీ గ్రామఫోన్ దగ్గరికే వచ్చామన్నమాట. ఆ పెట్టెలో లేనిదల్లా మన ఇంట్లో పాట. అది ఏ కంపెనీ నింపి ఇస్తుంది?

మన పెద్దలు దీనికి ఎప్పుడో ఉపాయం చెప్పారు. త్యాగయ్య తన పేరు కీర్తన చివర చరణంలోనే పెట్టారు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడుంటాడు. తరిగొండ వెంగమాంబ తమ ఊరి నరసింహుణ్ణి తలచుకున్నారు. చీటీ ఊడిపోవచ్చు, తాటాకు చిరిగిపోవచ్చు, పాడే నోరున్నంత కాలం పేరు పాటతో బాటే వస్తుంది. కలకత్తాలో గౌహర్‌జాన్ చేసిందీ అదే. ఊరూ పేరూ లేకుండా మిగిలిపోయింది మన ఇళ్ళలో పాడిన ఆడవాళ్ళే.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోనుంది. అత్తగారి చేతో, అమ్మమ్మ చేతో పాడించి పట్టుకుంటున్న వాళ్ళు చాలామందే ఉన్నారు. మంచిపని. అయితే పాట మొదలుపెట్టే ముందు ఆవిడ పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఆవిడ నోటితోనే చెప్పించండి. పక్కన గొంతు కలిపేవాళ్ళ చేత కూడాను. ఆవిడ సిగ్గుపడి, నా పేరెందుకే అంటుంది. అన్నా సరే, చెప్పించండి. ఆ సిగ్గు కూడా రికార్డులో ఉండనివ్వండి.