దారుష్షిఫా నుండి ఎర్రగడ్డ దాకా: మనోవ్యాధుల చికిత్స – మన చరిత్ర, మన బాధ్యత

ఎవరినైనా ఎగతాళి చేయాలంటే మన వీధుల్లో ఒక మాట వాడుకలో ఉంది: "వీణ్ణి ఎర్రగడ్డకు పంపించాలిరా!" పెద్దలూ అంటారు, బడిపిల్లలూ అంటారు. ఉపాధ్యాయుల గదిలో సైతం ఈ మాట మేము ఎన్నోసార్లు విన్నాము. దాచడమెందుకు, ఒకప్పుడు మేమూ అన్నవాళ్ళమే.

అదే హైదరాబాదులో, మూసీనదికి దక్షిణాన, పాతనగరంలో 'దారుష్షిఫా' అనే పేట ఉంది. దారుష్షిఫా అంటే స్వస్థత నిచ్చే ఇల్లు. హైదరాబాదు నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో అక్కడ ఒక ఆసుపత్రి కట్టించాడు. మధ్యలో విశాలమైన ఆవరణ, దాని చుట్టూ రెండంతస్తుల గదులు. దూరప్రాంతాల రోగులు ఆ గదుల్లోనే ఉండి వైద్యం చేయించుకునేవారు. హకీములకు జీతాలు, రోగులకు మందులు ప్రభుత్వ ఖర్చే. అక్కడే యునానీ వైద్యం బోధించేవారు. ఆసుపత్రి ఎప్పుడో పోయింది గాని పేరు మాత్రం నిలిచింది. ఆ పేరు విని ఎవరూ నవ్వరు, ఎవరూ సిగ్గుపడరు.

ఎర్రగడ్డా ఆసుపత్రే, దారుష్షిఫా కూడా ఆసుపత్రే. మరి ఒక పేరు దీవెనలాగా, ఇంకొక పేరు తిట్టులాగా ఎందుకయ్యాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చరిత్ర పుటలు తిరగవేశాము. మాకు తెలిసివచ్చిన సంగతులను సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు విన్నవించుకుంటున్నాము. మేము వైద్యులము కాము, ఉర్దూ మీడియం పాఠశాలలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

బీమారిస్తానులు

'బీమార్' అంటే రోగి అని మనందరికీ తెలుసు. పారశీకంలో రోగుల నివాసాన్ని 'బీమారిస్తాన్' అన్నారు. ఆ మాటే కుదించుకొని 'మారిస్తాన్' అయింది. బాగ్దాదు, డమాస్కస్, కైరో, అలెప్పో, గ్రనడా వంటి నగరాల్లో ఇవి వెలిశాయి. మనం గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. జ్వరాలకు, కంటిజబ్బులకు, విరిగిన ఎముకలకు గదులు కేటాయించినట్టే, మతి చలించినవారికి కూడా ఈ ఆసుపత్రుల్లో ప్రత్యేక భాగాలుండేవి. అంటే పిచ్చి కూడా రోగమే, దానికీ వైద్యుడే కావాలి అని ఆనాటివాళ్ళు ఒప్పుకున్నట్టే గదా.

నూరుద్దీన్ జంగీ 1154లో డమాస్కస్‌లో కట్టించిన ఆసుపత్రిని, 1184లో అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ చూశాడు. రోగుల పేర్లు, వారి మందులకూ ఆహారానికీ అయ్యే ఖర్చు లెక్కలు పుస్తకాల్లో రాసిపెట్టేవారట. వైద్యులు తెల్లవారగానే వచ్చి ఒక్కొక్క రోగినీ చూసి, ఎవరికి ఏ మందు, ఏ పథ్యం ఇవ్వాలో చెప్పేవారట. ఈనాటి వార్డు రౌండ్లు అచ్చంగా ఇవే.

కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో పెద్ద ఆసుపత్రి కట్టించి, దాని ఖర్చుల నిమిత్తం ఆస్తులు వక్ఫు చేశాడు. ధనికులు, పేదలు, పురుషులు, స్త్రీలు, అందరికీ అందులో ప్రవేశం ఉంది. కొందరు అక్కడే ఉండి చికిత్స పొందేవారు. మరికొందరు చూపించుకొని మందు తీసుకొని ఇంటికి పోయేవారు. ఇన్‌పేషెంటు, అవుట్‌పేషెంటు అనే మాటలు మనకు ఇంగ్లీషువాళ్ళ ద్వారా వచ్చాయి గాని, ఆ ఏర్పాటు మాత్రం ఏడు వందల ఏళ్ళ కిందటే వక్ఫు డబ్బుతో నడిచింది. ఈనాడు వక్ఫు అనగానే మనకు కోర్టు దావాలే గుర్తుకొస్తాయి, ఆసుపత్రులు గుర్తుకు రావు.

అలెప్పోలో 1354లో కట్టిన అర్గూన్ ఆసుపత్రిలో రోగుల గదుల నడుమ ఆవరణలు, నీటి తొట్లు ఉన్నాయి. నీటి చప్పుడు కలతపడిన మనసుకు ఊరట అని నమ్మారు. తుర్కీలోని ఎడిర్నేలో సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన సముదాయం 1488 నాటికి పూర్తయింది. అక్కడ మతిచలించినవారికి వారానికి మూడుసార్లు సంగీతం వినిపించేవారని, పూలవాసన చూపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. మన దేశంలోనూ మాండూ సుల్తాన్ మహమూద్ ఖిల్జీ (పాలన 1436–1469) ఇటువంటి ఆసుపత్రి పెట్టించాడని వైద్యచరిత్రకారులు రాస్తున్నారు.

ఇక పుస్తకాల విషయం. 9, 10 శతాబ్దాలకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథం రాశాడు. దేహానికీ మనసుకూ రెంటికీ జబ్బులొస్తాయని, ఒకదాని బాధ రెండోదానికి తగులుతుందని అందులో వివరించాడు. దుఃఖం రెండు విధాలన్నాడు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, అయినవాళ్ళు పోయినప్పుడు వచ్చేది అది. ఏ కారణమూ కనబడకుండా మనిషిని కుంగదీసే దుఃఖం రెండవది. ఈనాడు డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బును గురించి చెప్పేటప్పుడు ఇంచుమించు ఇదే తేడా చూపిస్తారు.

సంకెళ్ళ సంగతి

ఇంతవరకు చదివి ఛాతీ విరుచుకోవడం సులభం. వేదికలెక్కి "ప్రపంచంలో మొట్టమొదటి పిచ్చాసుపత్రి మాదే" అని బల్లగుద్దే ఉపన్యాసకులూ ఉన్నారు. ఆ పందెం మనకొద్దు. డమాస్కస్ ఆసుపత్రిని అంతగా మెచ్చుకున్న ఇబ్న్ జుబైరే, అక్కడి మతిచలించినవారు సంకెళ్ళతో కట్టబడి ఉన్నారని కూడా రాశాడు. చరిత్ర చెప్పేవాడు రెండూ చెప్పాలి. వైద్యమూ ఉంది, సంకెలా ఉంది. వైద్యాన్ని వారసత్వంగా ఉంచుకొని, సంకెలను వదిలేయడం మన పని. మనం చేసిందేమిటంటే, వైద్యాన్ని మరిచిపోయి సంకెలను ఉంచుకున్నాము.

ఈ మాట కోపంతో అనడం లేదు. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడి దర్గాకు మనోవ్యాధి ఉన్నవారిని తీసుకుపోయే అలవాటు ఉండేది. దర్గా చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అటువంటి ఒక ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో లోపలివాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వాళ్ళను అక్కడ వదిలినవాళ్ళు శత్రువులు కారు, సొంతవాళ్ళే. ప్రేమ లేక కాదు, దారి తెలియక వదిలారు.

కారాగారం నుండి ఓ.పి. చీటీ వరకు

బ్రిటిషువారి ఏలుబడిలో ఈ వైద్యం వేరే దారి పట్టింది. 1858 చట్టంతో 'లూనటిక్ అసైలం'లు పెరిగాయి. ఊరికి దూరంగా ఎత్తయిన గోడలు, వాటిపై జైళ్ళ అధికారుల పెత్తనం. 1912 చట్టం వచ్చాక వాటిని వైద్యాధికారుల చేతికిచ్చారు గాని, రోగిని చేర్చాలంటే తరచుగా మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసిందే. రోగికీ ముద్దాయికీ ఒకటే ద్వారమన్నమాట. మనోవ్యాధి అనగానే మన జనానికి గోడ, గేటు, తాళం గుర్తుకు రావడం అప్పటినుండే బలపడిందని మా అభిప్రాయం. నిజాం కాలంలో హైదరాబాదు రాజ్యపు మానసిక ఆసుపత్రి జాల్నాలో ఉండేది. 1953లో దానిని ఎర్రగడ్డకు మార్చారు. మెల్లగా ఆ ఊరిపేరే తిట్టయి కూర్చుంది.

అయితే ఆ గోడలను లోపలినుండి కూల్చిన మహానుభావులున్నారు. 1933లో కలకత్తాలో, నేటి ఆర్.జి. కార్ వైద్యకళాశాలలో, గిరీంద్రశేఖర్ బోస్ మనోవ్యాధులకు అవుట్‌పేషెంటు విభాగం తెరిచారు. మామూలు ఆసుపత్రిలో, మామూలు రోగులతోపాటు చీటీ రాయించుకొని చూపించుకోవచ్చన్నమాట. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళను కూడా ఉండనిచ్చారు. ఇంటివాళ్ళు దగ్గరుంటే రోగి త్వరగా కోలుకోవడం, త్వరగా ఇల్లు చేరడం అందరూ చూశారు. 1952లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వాడకంలోకి వచ్చింది. దాంతో ఏళ్ళతరబడి లోపలే ఉండిపోయేవాళ్ళు మాత్రలు తీసుకుంటూ ఇంటివద్దనే బతకగలిగారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం మొదలయ్యాయి. ఈ వైద్యం జిల్లా ఆసుపత్రులకు రావడానికి దారి పడింది.

మా తరగతిలో ఒక కుర్రవాడు

ఇక మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా బడిలో పదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. లెక్కల్లో ముందు, ఇమ్లా రాస్తే ఒక్క తప్పు ఉండేది కాదు. దసరా సెలవుల తర్వాత మనిషి మారిపోయాడు. వెనక బెంచీలో గోడకేసి కూర్చునేవాడు. స్నానం మానేశాడు, రాత్రుళ్ళు నిద్ర లేదు. అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారనేవాడు. మేము సోమరితనమనుకున్నాము. ఒకరోజు హోంవర్కు చేయలేదని అరచేతిపై బెత్తంతో రెండు దెబ్బలు కూడా వేశాము. వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు, మా వైపు చూడనైనా లేదు. ఆ చూపు లేని ముఖం ఇప్పటికీ మా కళ్ళముందే ఉంది.

వాళ్ళమ్మ బడికి వచ్చి, "సార్, మా బాబుకు సాయా పడిందంట. ఆమిల్ సాబ్ చెప్పిండు. నలభై రోజులు ఓపిక పట్టమన్నడు" అంది. నలభై రోజులు ఎనిమిది నెలలయ్యాయి. తావీజులు మారాయి, ఊళ్ళు మారాయి, ఆమె చెవి కమ్మలు కుదువకు పోయాయి. చివరికి మన సంఘం సభ్యుడొకరు, కాంపౌండరు పని చేసినాయన, పట్టుబట్టి కుర్రవాణ్ణి ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకుపోయాడు. మేమూ వెంట వెళ్ళాము. డాక్టరు అంతా విని ఒక్కటే అడిగారు: "ఎనిమిది నెలలు ఎందుకు ఆగారు?" తల్లి మా వైపు చూసింది. మా దగ్గర జవాబు లేదు.

మూడు వారాలు లోపల ఉంచారు. తల్లి పక్కనే ఉంది. తర్వాత నెలకొకసారి ఓ.పి.కి పోయి చూపించుకొని మాత్రలు తెచ్చుకోవడం. ఒక ఏడాది ఆలస్యంగా పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు మోటారు విడిభాగాల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు, మాత్రలు ఇంకా వేసుకుంటున్నాడు. పేటలో కొందరు ఇప్పటికీ వాణ్ణి 'దీవానా' అనే పిలుస్తారు. జబ్బు తగ్గిందిగాని ఆ పిలుపు తగ్గలేదు.

చట్టం ఏమంటున్నది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుండి అమలులో ఉంది. మనోవ్యాధి ఉన్నవారిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడం నిషిద్ధం. 18 ఏళ్ళు నిండినవారు తమంతట తామే ఆసుపత్రిలో చేరవచ్చు, కోర్టు ఉత్తరువు అక్కరలేదు. అంతకు తక్కువ వయసు పిల్లలను చేర్చాలంటే తల్లిదండ్రుల వంటివారు అడగాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. పిల్లలను పెద్దల వార్డులో కలపకూడదు. అయినవాళ్ళొకరు వారితో ఉండాలి. ఆడపిల్లకు స్త్రీ తోడు తప్పనిసరి. అమృత్‌సర్ గుడారాల్లో కనిపించిన మంచి ఇప్పుడు చట్టమైంది. అయితే లోపల చేరవలసి వచ్చేది కొందరికే. ఎక్కువమందికి ఓ.పి. చీటీ, మాత్రలు, డాక్టరుతో నాలుగు మాటలు, ఇంట్లో ఓపిక, ఇవే చాలు. అక్టోబరు 2022లో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

సంఘానికి మా విన్నపం

దుఆ మానమని మేము అనడం లేదు. దుఆ చేయండి, దవా కూడా ఇప్పించండి. చికిత్స చేయించుకోమన్నది మన ప్రవక్త (స) బోధనే. మతి స్థిమితం లేనివాడిపై మన ధర్మం పాపభారం మోపలేదు. బుద్ధి బలహీనంగా ఉన్నవారికి అన్నం పెట్టి, బట్ట ఇచ్చి, మంచిమాట చెప్పమని సూరె నిసా ఆదేశిస్తున్నది. దేవుడు మోపని నేరాన్ని మనం ఎందుకు మోపుతున్నాము?

కనుక మన సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాము. ఒకటి, పేద రోగికీ తోడు వెళ్ళేవారికీ ప్రతినెలా బస్సు ఛార్జీలు ఇచ్చే చిన్న నిధి ఏర్పాటు చేయాలి. మాత్రలు ఉచితమే అయినా ఛార్జీ లేక మధ్యలో మానేసినవాళ్ళు మాకు తెలుసు. రెండు, ఏడాదికొకసారి జుమా ప్రసంగంలో ఈ విషయం చెప్పమని ఇమాం సాహెబులను కోరాలి. మూడు, పిల్లవాడు ఉన్నట్టుండి మారిపోతే బెత్తం తీయకుండా కారణం అడగాలని ఉపాధ్యాయులకు తెలియజెప్పాలి. ఈ మూడోది మా నుండే మొదలుపెడుతున్నాము.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించు గాక! ఆమీన్.