జీతం కాదు, పారితోషికం: తండా ఆరోగ్యానికి వచ్చిన పైసల కథ

ఈ పోస్టు కొంచెం పొడుగుంటది. మెస్సులో అన్నం తిన్నంక తీరిగ్గ చదవండి.

మొన్న సెలవులకు తిరుమలగిరి పోయినం. సూర్యాపేట దిక్కు ఉన్నది కాదు, సాగర్ తిరుమలగిరి. అడ్రసు చెప్పినప్పుడల్లా మాకు ఈ మాట చెప్పక తప్పదు. మాలో ఒకరి యాడి తండాలో ఆశా. ఆమె రిజిస్టరు ముందటేసుకొని "ఈ లెక్క జర చూడుండ్రి బిడ్డా" అన్నది. డిగ్రీ చదివేటోళ్లం ముగ్గురం కూర్చున్నం, గంటైనా లెక్క తెగలే. గర్భిణికి ఇంత, టీకాలకు ఇంత అని కేంద్రం పనికో రేటు పెట్టింది. బాలింత దవాఖానల కని ఇంటికొచ్చినంక 42 రోజుల్లో ఆరుసార్లు పోయి పసిపిల్లను చూసి, తూకమేసి, ఫారం నింపితే 250 రూపాయలు. అంటే ఒక్కసారికి 42 రూపాయలు కూడా పడదు. "జీతమెంత యాడీ?" అంటే "జీతం కాదు, పారితోషికం" అన్నది. ఈ మాట ఎక్కడ మొదలైందో చూద్దామని హాస్టల్‌కు వచ్చినంక లైబ్రరీలో కూర్చున్నం.

1977 జూలై 27న తెలంగాణ ప్రాంతంలో లంబాడీలం ఎస్టీ జాబితాలోకి వచ్చినం. (దాని మీద వాదాలు మనకు తెలుసు, అవి ఇక్కడ వద్దు.) రెండు నెలలు దాటంగనే, అదే ఏడు అక్టోబర్ 2న, కేంద్రంలో జనతా ప్రభుత్వం గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టింది. అప్పుడు ఆరోగ్య మంత్రి రాజ్ నారాయణ్. వెయ్యి మంది జనాభాకు ఒక మనిషి, ఆ మనిషిని ఊరే ఎంచుకోవాలె. మూడు నెలల శిక్షణ, శిక్షణలో నెలకు 200 రూపాయలు. తర్వాత పనికి నెలకు 50, మందుల డబ్బాకు ఇంకో 50. ఆ యాభైని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నరు.

ఆలోచన చెడ్డది కాదు. చైనాలో ఊరోళ్లకే నేర్పించి తయారుచేసిన 'చెప్పుల్లేని డాక్టర్ల' పేరు అప్పటికే ప్రపంచమంతా మోగుతున్నది. మన పక్క మహారాష్ట్రలో జామ్‌ఖేడ్ దగ్గర డాక్టర్ రజనీకాంత్ అరోలే, మాబెల్ అరోలే దంపతులు 1970లో పని మొదలుపెట్టి పల్లె ఆడవాళ్లకు, చదువు రానోళ్లకు కూడా, వైద్యం నేర్పిన్రు. "మన మనిషే మన ఆరోగ్యం చూసుకోవాలె" అనే మాట వినడానికి బాగుంటది. కానీ ఆ మాట ఖజానా లెక్కలోకి పోయేసరికి ఇంకో అర్థం వచ్చింది. మన మనిషి కాబట్టి ఉద్యోగి కాదు. ఉద్యోగి కాదు కాబట్టి పెరుగుదల లేదు, పింఛను లేదు.

ఊరు ఎంచుకోవాలె అన్నరు గదా, చాలా రాష్ట్రాల్లో ఊరు మగవాళ్లనే ఎక్కువ ఎంచుకున్నది. కాన్పుల ముచ్చట మగమనిషికి ఎట్ల చెప్పుకుంటరు? పైగా తండా అప్పటికి ఊరు కాదు, ఊరికి శివారు. మా దిక్కు ముసలోళ్లను అడిగినం. కాన్పు చేసిన మంత్రసానుల పేర్లు నలుగురివి చెప్పిన్రు, హెల్త్ గైడ్ పేరు ఒక్కటి కూడా చెప్పలే.

తర్వాత పథకం పేరు రెండుసార్లు మారింది. ముందు వాలంటీర్, తర్వాత హెల్త్ గైడ్. పేరు మారినంత సులువుగా యాభై మారలేదు. ఖర్చు కేంద్రానిదా, రాష్ట్రానిదా అనే పంచాయితీ నడుస్తనే ఉన్నది. చివరికి 2002లో కేంద్రం పైసలు ఆపేసింది.

మనది షెడ్యూల్డ్ ఏరియా కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలె. పాత మహబూబ్‌నగర్‌లో అమ్రాబాద్ దిక్కు చెంచు అన్నదమ్ములకు ఐటీడీఏ ఉన్నది. సబ్ సెంటర్ మైదానంలో 5,000 మందికి ఒకటి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి అని రూలు. మన తండాలు గుట్టల నడుమ ఉన్నా, చుట్టూ ఉన్న మైదానం ఊర్లతో కలిపి లెక్కపెడితే ఏమైతదో మీరే ఆలోచించండి.

హెల్త్ గైడ్లు పోయిన 2002లోనే ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ కార్యక్రమం మొదలైంది. ఆదివాసీ పల్లెల్లో ఆడవాళ్లే ఆరోగ్య కార్యకర్తలు. ఆ అనుభవం చూసే 2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో ఆశాను పెట్టిన్రు. ఈసారి ఆడమనిషే కావాలె అన్నరు. వెయ్యి మందికి ఒకరు, గిరిజన ప్రాంతమైతే ఒక్కో ఆవాసానికి ఒకరినైనా పెట్టుకోవచ్చు అన్నరు. ఇది మంచి మార్పు. కానీ ఎనిమిదో తరగతి చదివి ఉండాలె అన్నరు. అట్లాంటోళ్లు దొరకకపోతే సడలించొచ్చని రాసి ఉన్నది, కానీ సడలింపు అడగాలంటే ఆ కాగితం చదివేటోళ్లు ఉండాలె గదా! మాకు రిజిస్టరు చూపించిన యాడి మా తండాకు ఎనిమిది పాసై కోడలిగా వచ్చిన మొదటి మనిషి. ఆమె మన గోర్ బోలిలో అడిగితేనే మన ఆడవాళ్లు నెల తప్పిన సంగతి చెప్తరు. సిస్టరమ్మ తెలుగులో అడిగితే తల ఊపి ఊకుంటరు.

పైసలు మాత్రం అడగనిది పెరగలేదు. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులు దాటి సమ్మె చేసిన్రు. 2017లో రాష్ట్రం 6,000 చేసింది. తర్వాత 7,500, 2022లో 9,750. అదే 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షలకు పైగా ఆశాలకు అవార్డు ఇచ్చింది. మరుసటేడు మన ఆశాలు 18,000 కావాలని మళ్లీ సమ్మెకు కూర్చున్నరు. పేరు ఇప్పటికీ పారితోషికమే.

మిషన్ ఖర్చులో 2015 నుంచి కేంద్రానిది అరవై, రాష్ట్రానిది నలభై. 2014 నుంచి ఆ పైసలు రాష్ట్ర ఖజానా మీదుగానే రావాలె. ఒక్క మెట్టు కాడ ఆగినా తండాలో ఆలస్యమే. ఇంకో దిక్కు 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల గ్రాంటు సిఫారసు చేసింది. అందులో ఎక్కువ భాగం సబ్ సెంటర్ల బిల్డింగులు, పరీక్షల మిషన్ల వంటి వాటికి. బిల్డింగు వద్దని మేం అనం. గోడకైతే గ్రాంటు, మనిషికైతే పారితోషికం ఎందుకనేదే మా ప్రశ్న.

2018 ఆగస్టు 2న తండాలు పంచాయతీలైనయి. ఇప్పుడు ఊరు ఎంచుకోవాలె అంటే ఎంచుకునేది మనమే. ఊరి ఆరోగ్య, పారిశుధ్య కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల నిధి ఉన్నది. మీ సర్పంచును ఒకసారి అడగండి: ఆ కమిటీలో తండా మనిషి ఉన్నడా, పోయిన ఏడు ఆ పదివేలు దేనికి ఖర్చయినయి?

ఇంకొకటి. 1977 నుంచి 2002 దాకా హెల్త్ గైడ్‌గా చేసినోళ్లు మీ తండాలో ఎవరన్న బతికున్నరా, మీ తాతలను, నానమ్మలను అడగండి. పేరు వద్దు. ఏ తండా, ఏ ఏడు, నెలకు చేతికి ఎంత వచ్చేది, ఇంతే రాయండి. మేము ఒక నోటుబుక్కు పెట్టినం, అందులో ఎక్కిస్తం.