అంతరిక్షంలో ఒడిసెల

గత వేసవిలో పెరట్లో జారిపడి కాలి ఎముక విరిగింది. ఆరు వారాలు మంచం దిగవద్దన్నారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు మంచం మీద చేయగలిగిన పనులు రెండే: పారాయణం, పరనింద. రెండూ విసుగు పుట్టిన వేళకు మా అమ్మాయి కొడుకు సెలవులకని కడపకు వచ్చాడు. వాడి వెంట ఒక ల్యాప్‌టాపు, దానిలో ఒక ఆట వచ్చాయి.

ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో నగరంలోని స్క్వాడ్ అనే సంస్థలో ఫెలిపే ఫలాంగే అనే యువకుడు దీనికి ఊపిరి పోశాడు. 2011 జూన్‌లో తొలిరూపం, 2015 ఏప్రిల్‌లో పూర్తిరూపం వెలువడ్డాయి. ఇందులో శత్రువులు లేరు. రాకెట్టు ముక్కలు ఉంటాయి, గురుత్వాకర్షణ ఉంటుంది. ముక్కలు కూర్చి పైకి పంపడం మన పని, తప్పులుంటే క్రింద పడవేయడం గురుత్వాకర్షణ పని. మనవడు ఒక బండిచక్రం లాంటి కేంద్రాన్ని కట్టే ప్రయత్నంలో ఉన్నాడు.

"చక్రమే ఎందుకప్పా? గుండ్రంగా ఉంటేనే పైకి పోతుందా?" అన్నాను.

"పైకి పోవడానికి కాదు తాతా, పైన బరువు ఉండడానికి. తిరిగితే లోపలుండేవాళ్ళకు బరువొస్తుంది."

వాడు కాగితం మీద సూత్రం వ్రాయబోయాడు. అక్కర లేకపోయింది. నా చిన్నతనంలో జొన్న వెన్ను పట్టే రోజుల్లో మంచె ఎక్కి పిట్టలు తోలినవాణ్ణి నేను. ఒడిసెలలో రాయి పెట్టి తలపైన గిరగిర త్రిప్పుతూ ఉంటే రాయి బయటికి గుంజుతుంది, తాడు లోనికి గుంజుతుంది, చేతికి బరువు తెలుస్తుంది. రాయి స్థానంలో మనిషినీ, ఒడిసెల తొట్టి స్థానంలో నేలనూ ఊహించుకుంటే చాలు. మనవడి చక్రం అంతరిక్షంలో వేసిన ఒడిసెల.

ఇక నిర్మాణం సంగతి. ఈ ఆటలో ఒక చిత్రమైన కట్టుబాటు ఉంది: ప్రతి ముక్కకూ ఒక్కటే తండ్రి ముక్క. మొత్తం నౌక ఒక వంశవృక్షం. నడిమి కుండ నుండి ఎనిమిది ఆకులు పుట్టించవచ్చు, ఒక్కొక్క ఆకు చివర అంచు ముక్కను పుట్టించవచ్చు. కాని ప్రక్కప్రక్క అంచు ముక్కలు తాకుతున్నట్లు కనబడినా కలవవు. కలిస్తే ఒక బిడ్డకు ఇద్దరు తండ్రులవుతారు. చెట్టు చెట్టుగానే ఉంటుంది, చక్రం కాదు. ఇది తెలియక మేము మొదటిసారి అలాగే కక్ష్యలో పెట్టాము. (అంత వెడల్పు వస్తువు రాకెట్టు నెత్తిన నిలబడదు గనుక మనవడు ఆటలోని దొంగదారిని వాడి నేరుగా కక్ష్యలో దింపాడు. ఒప్పుకోవాలి కదా.) త్రిప్పడం మొదలుపెట్టాము. ఆకులు వంగాయి, ఊగాయి. ఒకటి విరిగి, సమయం చూసి వదిలిన ఒడిసెల రాయిలా తిన్నగా, వృత్తానికి స్పర్శరేఖగా పోయింది. మిగిలినవి వెంటనే దాని దారి పట్టాయి.

ఆ కేంద్రానికి నామకరణం నాదే. భారతంలో అరణ్యపర్వమూ, భాగవతంలో దశమస్కంధమూ చెప్పే సాళ్వుని ఆకాశనగరం సౌభం. ఆ పేరే పెట్టించాను. కూలిన తరువాత గాని నాకు తోచలేదు, సౌభానికి కూడా అదే గతి పట్టిందని. భారతంలో కృష్ణుని సుదర్శనం దాన్ని రెండుగా చీల్చింది. చక్రం దెబ్బకు పోయిన ఊరి పేరు చక్రానికే పెట్టినవాణ్ణి నేను! (భాగవతంలో గద దెబ్బకు ముక్కలై నీట పడుతుంది. పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న పోరు మాత్రం ఇక్కడ వద్దు. కడపలో కూర్చుని వ్రాస్తున్నాను, నా తీర్పు మీకు ముందే తెలుసు.)

సౌభం, హిరణ్యపురం, త్రిపురాలు... ఎగిరే ఊళ్ళు మనకు కొత్తవి కావు. అంతమాత్రాన అంతరిక్ష కేంద్రాలు మనవాళ్ళకు ముందే తెలుసనేవారితో నేను ఏకీభవించను. ఆ ఊళ్ళలో మేడలున్నాయి, కోటలున్నాయి, మాయ ఉంది. కాని అక్కడివాడికి కాళ్ళ క్రింద బరువు ఎలా వచ్చిందన్న ప్రశ్న కవికి రాలేదు. రానక్కరలేదు కూడా, అది కావ్యం. చక్రం పుట్టింది ఆ ప్రశ్న నుండే.

ఆ ప్రశ్నకు తొలి జవాబులు వ్రాసినవారిలో ఒక బడిపంతులు ఉండడం నాకు సంతోషం. రష్యాలోని కలూగా పట్టణంలో గణితం చెప్పిన కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ, చిన్ననాటి జ్వరంతో వినికిడి చాలావరకు పోగొట్టుకున్నవాడు, నౌకను త్రిప్పి బరువు పుట్టించవచ్చునని వ్రాశాడు. కొలతలతో, పటాలతో పూర్తి ఇల్లు గీసినవాడు మాత్రం హెర్మన్ పొటోచ్నిక్. స్లోవేనీయుడు, ఆస్ట్రియా సైన్యంలో ఇంజనీరు, క్షయవ్యాధి వల్ల కొలువు మానుకున్నవాడు. నోర్డుంగ్ అనే మారుపేరుతో జర్మన్ భాషలో అతడు వ్రాసిన పుస్తకం 1929 తేదీతో బెర్లిన్‌లో వచ్చింది. అందులో నివాసచక్రం అడ్డుకొలత 30 మీటర్లు, ఎనిమిది సెకండ్లకు ఒక చుట్టు. లెక్క వేసి చూడండి, అంచున దాదాపు భూమి మీది బరువే వస్తుంది. తన ఒళ్ళు తన మాట వినని మనిషి పరాయి ఒళ్ళ క్షేమం కోసం అంత శ్రద్ధగా గీశాడు. ఆ ఏడాది ఆగస్టులోనే వియన్నాలో, ముప్పై ఆరేళ్ళకే పోయాడు.

తరువాతి చక్రం లోకమంతా చూసింది. 1952 మార్చిలో కోలియర్స్ అనే అమెరికా వారపత్రికలో వెర్నర్ ఫాన్ బ్రౌన్ వర్ణించాడు. అడ్డుకొలత 76 మీటర్లు. 22 సెకండ్లకు ఒక చుట్టు. భూమి బరువులో మూడో వంతు. నైలాను బట్టతో చేసి, మడిచి పైకి పంపి, అక్కడ గాలి నింపాలన్నాడు. మనవడి దొంగదారికి అది నిజాయితీ గల జవాబు. ఈయన హిట్లరు కోసం వి-2 రాకెట్లు చేసినవాడనీ, ఆ రాకెట్లు డోరా శిబిరపు ఖైదీల చావుల మీద తయారయ్యాయనీ గుర్తుంచుకునే ఆ బొమ్మను చూడాలి. బొమ్మ అందంగానే ఉంటుంది.

30 మీటర్లది 76 మీటర్లు ఎందుకయింది? ఇక్కడే ఈ చరిత్ర అంతా ఉంది. ఒడిసెల త్రిప్పే కుర్రవాడికి తల తిరగదు, రాయికి తిరుగుతుందో లేదో ఎవరూ అడగలేదు. చక్రంలో మనిషే రాయి. తల ప్రక్కకు త్రిప్పితే చెవిలోని సమతూకం చెదిరి వికారం పుడుతుంది. అమెరికా నౌకాదళం వారు పెన్సకోలాలో 1950ల చివర నుండి తిరిగే గదిలో మనుషులను ఉంచి పరీక్షించారు. నిమిషానికి ఒక చుట్టయితే చాలామంది ఓర్చుకున్నారు; పది చుట్లయితే తట్టుకోవడం కష్టమైంది. పొటోచ్నిక్ చక్రం నిమిషానికి ఏడున్నర చుట్లు తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే బరువు తగ్గుతుంది. అదే బరువు కావాలంటే, చుట్టు కాలం రెట్టింపు చేసినప్పుడు చక్రాన్ని నాలుగింతలు చేయాలి. 1975లో అమెరికాలో నాసా ఏమ్స్ కేంద్రం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి జరిపిన వేసవి అధ్యయనంలో నిమిషానికి ఒకే చుట్టు, భూమి బరువు అంతా అని పట్టుబట్టేసరికి అడ్డుకొలత 1.8 కిలోమీటర్లకు చేరింది. పదివేలమంది ఊరు! మనిషి చెవికి నచ్చేకొద్దీ చక్రం పెరిగింది, పెరిగేకొద్దీ కట్టేవాడు లేకపోయాడు.

నిజంగా జరిగినవి చూడబోతే జాలి వేస్తుంది. 1966 సెప్టెంబరులో జెమిని-11 నౌకను మరొక రాకెట్టు దశకు 30 మీటర్ల పట్టీతో కట్టి, కాన్రాడ్, గోర్డన్ అనే వ్యోమగాములు మెల్లగా త్రిప్పారు. పుట్టిన బరువు భూమి బరువులో పదివేలవ వంతుకు కాస్త ఎక్కువ. అచ్చమైన ఒడిసెల అదే! తరువాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం జపానులో ఒక గదిని తయారు చేశారు. అందులో రెండున్నర మీటర్ల చక్రం, ఎలుకలవంటి చిన్న జీవుల కోసం. 2005లో అదీ రద్దయింది. ఆ గది త్సుకుబాలో ప్రదర్శనకు నిలిచింది. నూరేళ్ళ చక్రాల కలకు ఎలుకల గది కూడా దక్కలేదు.

ఫలితం మనుషులు అనుభవిస్తున్నారు. హైదరాబాదు నుండి వెళ్ళినవారి కుమారుడు రాజా చారి 2021 నవంబరు నుండి 2022 మే వరకు 177 రోజులు అంతరిక్షంలో ఉన్నాడు. తిరగని కేంద్రంలో తేలుతూ ఉండేవారికి తుంటి ఎముక నెలకు నూటికి ఒక వంతో, ఒకటిన్నరో తరుగుతుంది. దాన్ని ఆపడానికి రోజుకు రెండు గంటలకు పైగా యంత్రాలతో కసరత్తు చేయాలి. ఇవి కనుగొనడానికి భూమి మీద ఏం చేస్తారో తెలుసా? ఆరోగ్యవంతులను వారాల తరబడి మంచం మీద పడుకోబెడతారు. ఆ మాట చదివినప్పుడు నేను మంచం మీదనే ఉన్నాను. కట్టు విప్పిన రోజు చూసుకుంటే కుడి పిక్క నాది కాదేమో అన్నట్లుంది. నిలబడబోతే ఒంటి బరువంతా ఒక్కసారి ఎవరో తెచ్చి నెత్తిన పెట్టినట్లయింది. మా ఆవిడ భుజం పట్టుకుని వరండా దాకా నడవడానికి నాలుగు రోజులు పట్టింది. మన దేశం 2035 నాటికి సొంత కేంద్రం కట్టాలని 2023లో లక్ష్యం ప్రకటించింది. దానిలో చక్రం ఉంటుందని నాకు ఆశ లేదు, అడగాలని మాత్రం ఉంది.

రెండవసారి మేము బుద్ధిగా కట్టాము. అంచు ముక్కల మధ్య స్ట్రట్ అనే కమ్మీలు వేస్తే, వంశవృక్షం నియమం తప్పకుండానే చక్రం బిగుస్తుంది. జ్ఞాతులు ఒప్పందం వ్రాసుకున్నట్లు. వ్యాసార్ధం 12 మీటర్లు. 12 సెకండ్లకు ఒక చుట్టు దాకా నిలిచింది. భూమి బరువులో మూడో వంతు, ఫాన్ బ్రౌన్ లెక్కే. తొమ్మిది సెకండ్లకు తేబోతే ఆకులు మళ్ళీ ఊగాయి, వెనక్కు తగ్గాము. పేరు కూడా మార్చాను, రాట్నం అని.

ఆ ఆటలో ఒక లోపముంది. దూరప్రయాణాల కోసం కాలాన్ని వేగంగా నడపవచ్చు, కాని అలా నడిపితే తిరిగే వస్తువుల భ్రమణం ఆగిపోతుంది. సెలవులయ్యాక మనవడు ల్యాప్‌టాపుతో సహా వెళ్ళిపోయాడు. మొన్న ఫోను చేసినప్పుడు రాట్నం ఎలా ఉందని అడిగాను.

"నిన్న కాలం స్పీడుగా పెట్టినా తాతా, ఆగిపోయింది. ఈ పొద్దు మళ్ళీ తిప్పాల" అన్నాడు.